తల్లి తొవ్వ

నిర్మల్‌ల ఆదిలాబాద్ బస్సు ఎక్కంగనే లీలాబాయి కిటికీ పక్క సీటు కావాలన్నది. ఎనభై దాటిన మనిషి, బస్సెక్కితే చాలు అద్దం మూయించి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే మనిషి, ఇయ్యాల తానే అద్దం పక్కకు జరిపి మోచెయ్యి ఊచ మీద ఆనిచ్చి కూసున్నది. పక్క సీట్ల మనోరమ ఆ చెయ్యినే చూస్తున్నది. సన్నటి చెయ్యి, ముడుతల కింద నీలం నరం, పోయిన ఎండకాలం అదే నరంల సూది పెట్టి నెత్తురు తీసింది తను, మనుమరాలిగ కాదు, హైదరాబాద్‌ల పరిశోధన చేసే మనిషిగ, అట్లనే అనుకున్నది అప్పుడు. గొట్టంల నిండిన ఆ కాస్త నెత్తురు ఇయ్యాల ఇద్దర్నీ ఈ బస్సుల కూసోబెట్టింది. ఇచ్చోడల దిగాలె, జీపు మాట్లాడుకోని గుట్టమీది రేగులగూడకు పోవాలె, అక్కడ భీంబాయి అనే కొలాం తెగ ముసలమ్మ ఎదురుచూస్తుంటది. నాయినమ్మ నెత్తురూ ఆ భీంబాయి నెత్తురూ ఒక్క తల్లి నుంచి వచ్చినయని ల్యాబుల చూసింది మనోరమ, నాయినమ్మకు చెప్పింది మనోరమ, ఇప్పుడు తోల్కపోతున్నదీ మనోరమనే. తప్పు చేస్తున్ననా అని నిన్న ఒక్కసారి అనుకున్నది గని ఆ మాట ఎంతోసేపు నిలవడలే. నాయినమ్మ అడిగింది, తను చెప్పింది. అడిగిన మనిషికి చెప్పకపోతే ఈ చదువు దేనికి.

ఊరు దాటినంక పసుపు తవ్విన చేన్లు, ఎర్రగ, ఖాళీగ, గట్ల మీద వంగి ఏరుకుంటున్న ఆడోళ్లు. బస్సు కుదుపుకు కండ్లు మూసుకుంటే చీకటి గది, కడుగుతున్న ఫిలిం, దాని మీద నిచ్చెన మెట్ల లెక్క తేలే నల్లటి గీతలు. మొదట్ల ఆ గీతలు చదువుడు కండ్లకు నొప్పి, కొన్నాళ్లకు అదే పాట లెక్క నోటికొచ్చింది, నాలుగే అక్షరాలు, మళ్ల మళ్ల అవే. మనిషి ఒంట్ల ఉన్న రాతంత అమ్మదీ నాయినదీ కలిసి ప్రతి కాన్పుకు పేకముక్కలు కలిపినట్టు కలిసిపోతది, ఒక్క చిన్న పోగు తప్ప. ఆ పోగు అమ్మ ఒక్కతే ఇస్తది. అమ్మకు వాళ్లమ్మ, ఆమెకు వాళ్లమ్మ, మొగోని మాట అందుల కలవనే కలవదు. ఎన్నో తరాలకు ఎక్కడో ఒక అక్షరం తప్పు పడితే ఆ తప్పు ఆ తల్లి పిల్లలందరికి పోతది, ఆడపిల్లల నుంచి వాళ్ల పిల్లలకు పోతది, ఆ తప్పులు పట్టుకోని వెనక్కి పోతే తల్లులు నడిచొచ్చిన తొవ్వ దొరుకుతది. నాయినమ్మ పోగుల అసొంటి తప్పులు రెండు జంటగ ఉన్నయి. నిర్మల్ దిక్కు దొరల ఇండ్లల్ల ఏ ఆడమనిషి నెత్తురుల ఆ జంట లేదు. గోదావరిఖని బొగ్గుబాయిల కాడ తీసిన నెత్తురుల లేదు. రేగులగూడల మటుకు ఇంటింటికి ఉన్నది. గొట్టాలు తారుమారైనయేమోనని మనోరమ మళ్ల చేసింది, కొత్త నెత్తురు తెచ్చి ఇంకోసారి చేసింది. తారుమారు కాలే. ల్యాబుల పెద్దసారు ఫిలిం వెలుతురుకు పెట్టి చూసి, ఇది ఊరు పేరు చెప్పదు మనోరమా, ఇద్దరికి కలిసిన ఆ తల్లి వందేండ్ల కిందిదో వెయ్యేండ్ల కిందిదో గూడ చెప్పదు, అన్నడు. తెలుసు సార్, అన్నది. తెలుసు, అయినా నాయినమ్మ చెప్పిన ముచ్చట సారుకు తెల్వదు గద.

ఆ ముచ్చట నెత్తురు తీసేనాడు బయటవడ్డది. చెయ్యి చాపి, దీంట్ల ఏం కనవడుతదే అని అడిగింది నాయినమ్మ. నీ తల్లి, ఆమె తల్లి ఎటు దిక్కు నుంచి వచ్చిండ్రో కనవడొచ్చు, నువ్వైతే నాందేడ్ అనుకో, అన్నది మనోరమ సూది చూసుకుంట. నాయినమ్మ దూది అదిమి పట్టుకోని, "నాది నాందేడ్ కాదు మనూ" అన్నది. జ్వరాల ఏడు, ఇండ్లకిండ్లు ఖాళీ అయిన ఏడు, ఎడ్లబండి మీద పోతున్న మనోరమ ముత్తవ్వకు కడెం వాగు ఒడ్డున ఒక పిల్ల కనవడ్డదట. మూడు నాలుగేండ్ల పిల్ల, ఒంటి మీద బట్ట లేదు, ఏడుస్త లేదు. బండ్ల ఏసుకొచ్చింది. అడిగినోళ్లకు మా తమ్ముని పిల్ల, నాందేడ్ కాడ వాళ్లింట్ల అందరు జ్వరాలకు పోయిండ్రు అని చెప్పింది. తమ్ముని పిల్ల అయినంక పెండ్లి గూడ అల్కగైంది, మేనరికమని తన కొడుక్కే చేసుకున్నది. ఆ ముత్తవ్వ మొఖం మనోరమ ఎరుగదు గని ఆమె ధైర్యం తలుచుకుంటే ఇప్పటికి నవ్వొస్తది, ఒక్క అబద్ధం తోటి ఒక పిల్లకు కులం, గోత్రం, మొగడు, ఇల్లు అన్ని కట్టబెట్టిన మనిషి. ఇన్నేండ్లు ఎవలకు చెప్పలేదా నాయినమ్మా అంటే, "ఎవలు అడిగిండ్రు?" అన్నది లీలాబాయి.

బాపు అడగలే. దామోదర్‌రావుకు అడిగే అవసరం ఎన్నడు రాలే, ఆయనకు అన్ని జవాబులు ముందే ఉండె. గుర్రాల మీద వచ్చినం మనం, ఖడ్గం పట్టుకోని వచ్చినం, ఈ గుట్టలల్ల పులులు తిరిగే కాలంల వచ్చినం. మనోరమకు ఏడేండ్లు అరవై తొమ్మిదిల, బడులు బంద్ పెట్టిండ్రు, నిర్మల్ రోడ్ల మీద పోరగాండ్లు ఊరేగింపు తీస్తుండ్రు, ఇంట్ల రేడియో సుట్టూ పెద్దలు కూసోని ముల్కీ ముల్కీ అంటుండ్రు. ముల్కీ అంటే ఏంది బాపూ. ఈ ఊరోడు అన్నట్టు బిడ్డా, ఈడ పుట్టి ఈడ పెరిగినోడు, మనమే అసలు ముల్కీలం. మరి గుర్రాల మీద వచ్చినమంటివి గద, వచ్చినోళ్లం ముల్కీలం ఎట్లయితం. కూసున్నోళ్లంత నవ్విండ్రు, బాపు గూడ నవ్వి, దీన్ని వకీలు చదివియ్యాలె అని నెత్తి మీద చెయ్యి పెట్టిండు. ఆ ప్రశ్న మటుకు ఆమె తోటే ఉండిపోయింది. వకీలు కాలే, దాని జవాబు కోసం ఇంకో తొవ్వ పట్టింది.

బస్సు ఘాట్ ఎక్కుతున్నది. మలుపు మలుపుకు ఇంజను గొంతు మారుతున్నది, ఆకు రాలిన టేకు చెట్లు, వాటి నడుమ మోదుగుపూలు ఎర్రగ. లీలాబాయి గుట్టల దిక్కు మొఖం పెట్టి గాలి పీలుస్తున్నది. మనోరమకు గోదావరిఖని యాదికొచ్చింది, అక్కడ గాలి వేరు, బొగ్గు వాసన, షిఫ్టు సైరన్, ఒక్క తీరున వరసగ క్వార్టర్లు. గోరఖ్‌పూర్ నుంచి వచ్చినోళ్లు, బిలాస్‌పూర్ నుంచి వచ్చినోళ్లు, ఒడ్డెలు, వేములవాడ దిక్కు నుంచి కరువుకు వచ్చినోళ్లు, అందరికి ఒక్కటే నల్లా. దుర్గవ్వ అని ఒకామె, మొగడు పోశం బాయిల దిగుతడు, చెయ్యి చాపుకుంట అన్నది, "ఎక్కడోళ్లు ఎక్కడోళ్లు అని అడుగుతవ్, ఏం చెప్పాలె బిడ్డా, క్వార్టర్ నంబర్ చెప్పాల్నా? మా అత్త బీదర్ కాడామె, మా అవ్వ మంథని కాడామె, నా కోడలు హిందీల తిడుతది." ఆ వాడకట్టంత నవ్వింది. అక్కడ తీసిన నెత్తురుల దేశం నలుమూలల తొవ్వలు ఉండె, నాయినమ్మది తప్ప. బాపు మాత్రం, ఎటెటోళ్లో వచ్చి బొగ్గుబాయిల వడ్డరు, వాళ్లకు ఊరెక్కడిది, అన్నడు ఒకసారి. ఊరు లేనోళ్లు ఎవరు లేరు బాపూ, ఊరు మారనోళ్లే లేరు, అని అప్పుడు అనాల్సింది. అనలే. నిన్న అన్నది.

నిన్న పొద్దున హాల్ల అందరు కూసున్నప్పుడు లీలాబాయి తానే చెప్పింది కొడుక్కు, వాగు సంగతి, నెత్తురు సంగతి, రేగులగూడకు పోతనన్న సంగతి, చాయ్ కావాలని చెప్పినంత మామూలుగ. దామోదర్‌రావు ముందు నవ్విండు. తర్వాత మనోరమ దిక్కు చూసిండు, ఆ చూపుల కోపం కన్న పరేషాన్ ఎక్కువ.

"అవ్వా, గిప్పుడెందుకు గిదంత? ఎవలకన్న తెలిస్తె నలుగురిల ఏం మొఖం పెట్టుకోవాలె?"

"నువ్వు రోజు మీ అవ్వ మొఖం చూస్తున్నవ్" అన్నది లీలాబాయి. "నాకు గూడ చూడబుద్ధయింది. అవ్వ ఉండదు, ఆమె తీరోళ్లన్న ఉంటరు గద."

ఊరు లేనోళ్లు ఎవరు లేరు బాపూ, ఊరు మారనోళ్లే లేరు, అని మనోరమ అప్పుడన్నది. ఆయన లేచిపోయిండు. తిండి గూడ దొడ్లనే తిన్నడు. ఇయ్యాల పొద్దుగాల మనోరమ పండ్లు తోముకుంటుంటే చేదబాయి కాడికి వచ్చి నిలవడ్డడు. తల తెల్లగ, భుజాలు వంగి, ఆమెకు ఒక్కసారి ముసలోడై కనవడ్డడు బాపు. నేల దిక్కు చూసుకుంట అడిగిండు, "మరి నా నెత్తురుల గూడ అదే ఉన్నదా?" ఉన్నది బాపూ, నాయినమ్మ నీకిచ్చింది, లక్ష్మణ్‌రావు చిన్నాయినకు ఇచ్చింది. "నీకు?" నాకు రాలే, నాకు అమ్మది వచ్చింది, తల్లి తొవ్వ మొగోళ్ల దాక వస్తది గని మొగోళ్ల నుంచి ముందుకు పోదు. ఆయన చేద తాడు చేతికి తీసుకున్నడు. "అంటె అవ్వది మా ఇద్దరన్నదమ్ముల తోటే ఆగిపోతదన్నట్టు." ఆ ఒక్క పోగు ఆగుతది బాపూ, మిగిలిందాంట్ల నాయినమ్మ నా ఒంట్ల గూడ ఉన్నది. దామోదర్‌రావు తలూపిండు, చేద బాయిల ఇడిచి నీళ్లు తోడిండు, ఎవలకోసం తోడిండో తెల్వది, బకెట్ నిండినంక గూడ తోడుతనే ఉన్నడు. పోవద్దనలే. పోయిరా అని గూడ అనలే.

కోపం లేదు మనోరమకు. ఆయన నమ్మిన గుర్రాలు అబద్ధం కావు, అవి ఆయన నాయిన తరపువి, వచ్చే ఉంటయి. మొగోళ్ల తొవ్వ వేరు, ఆడోళ్ల తొవ్వ వేరు, మొగోళ్లు గుర్రాల మీద వచ్చిన ఊర్లకు ఆడోళ్లు ఎంత ముందు నడిచొచ్చిండ్రో వాళ్లకు తెల్వదు. ఇంకా వెనక్కి పోతే అందరిది ఒక్కటే నడక. ఆఫ్రికాల బయలెల్లి, సముద్రం ఒడ్డు వెంబడి గవ్వలు, పీతలు ఏరుకోని తినుకుంట, ఒక తరం ఒక వాగు దాటితే ఇంకో తరం ఇంకో గుట్ట ఎక్కి, ఎవలకు ఎక్కడికి పోతున్నరో తెల్వకుండ, ఇంక చాలు అనుకున్న కాడల్ల పొయ్యి రాళ్లు పెట్టుకోని. ఇచ్చోడ, నిర్మల్, నాందేడ్, గోరఖ్‌పూర్ పేర్లు పుట్టకముందు. పెద్దసారు గోడకు పెట్టిన పటంల ఆ నడక ఒక ఎర్ర బాణం గుర్తు. మనోరమకు ఆ బాణం ఎన్నడు నచ్చలే, బాణం సూటిగ పోతది, మనుషులు అట్ల పోరు. ఆగుతరు, వెనక్కి తిరుగుతరు, కాన్పులైతయి, జ్వరాలొస్తయి. ఆ బాణంల నాయినమ్మ ఏడున్నది అని ఎన్నోసార్లు అనుకున్నది.

నేరడిగొండల బస్సు ఆగితే సంకల పిల్లనెత్తుకోని ఒక తల్లి ఎక్కింది, సీటు లేక కడ్డీ పట్టుకోని నిలవడ్డది. లీలాబాయి చేతులు చాపితే ఆ తల్లి ఫికర్ లేకుండ పిల్లను ఆమె ఒళ్లె కూసోబెట్టింది. పిల్ల లీలాబాయి గాజులు లెక్క పెడుతున్నట్టు తిప్పుతున్నది. నాయినమ్మ పిల్ల తల నిమురుకుంట, మనోరమ దిక్కు చూడకుండనే, మెల్లగ అన్నది, "నాకు ఒక్కటే యాదికున్నది మనూ. ఎవలో వీపు మీది నుంచి దించిండ్రు. కాళ్లకు ఇసుక తగిలింది. మళ్ల ఎత్తుకోలే." బస్సు చప్పుడుల ఆ మాట ఎవలకు ఇనవడలే, మనోరమకు తప్ప. ఇదా నువ్వు అడగబోతున్నది, దీనికోసమా ఈ పయనం, అని ఆమెకు అప్పుడు తెలిసింది. ఏ ఫిలిం మీద రాని మాట. దించిందా, జారిందా, ఇడిచిపోయిందా, ఏ అక్షరం చెప్తది. చెప్పదు అని తెలిసి గూడ ఆమెకు భయం కాలే. పోతున్నం గద. పోయి అడుగుతం.

ఇచ్చోడల దిగేసరికి ఎండ ముదిరింది. జీపు రాళ్ల తొవ్వ మీద ఎగురుకుంట పోయింది, లీలాబాయి ముందటి కడ్డీ రెండు చేతుల పట్టుకోని ఒక్కసారి గూడ మెల్లగ పో అనలే. రేగులగూడ మొదట్లనే, తడక గోడల ఇండ్ల ముందట, భీంబాయి అరుగు మీద కూసోని బీడీ తాగుతున్నది. చిన్న మనిషి, మెడ నిండ పూసలు. పదిహేను దినాల కింద మనోరమ వచ్చి, మీ నెత్తురు తోటి కలిసే ముసలామె ఒకామె ఉన్నది, తోల్కరావచ్చునా అని అడిగితే, బీడీ ఆర్పకుండనే తోల్కరా అన్న మనిషి. ఇప్పుడు బీడీ పారేసి లేచింది. ఇద్దరు ముసలోళ్లు ఒకర్నొకరు చూసుకుంట నిలవడ్డరు. మనోరమ అనుకున్న పోలిక మొఖాలల్ల ఏం లేదు. నాయినమ్మ పొడుగు, ఈమె పొట్టి. ఆమె ముక్కు వేరు, ఈమె ముక్కు వేరు.

"బసా, బసా" అని చాప చూపించింది భీంబాయి. కూసున్నంక, "నీకు పేరేం పెట్టిండ్రు బాయీ?"

"లీలాబాయి."

"మంచిదే పెట్టిండ్రు."

నీళ్లొచ్చినయి, ఉడకబెట్టిన గడ్డలొచ్చినయి, చుట్టూ ఆడోళ్లు పిల్లలు కూసున్నరు. లీలాబాయి నీళ్లు తాగి, తిండి ముట్టక ముందే అడిగింది, జ్వరాల ఏడు ఏమైంది మీ గూడెంల అని. భీంబాయి మరాఠీ కలిపిన తెలుగుల చెప్పింది. అప్పుడు తను పుట్టలే, వాళ్లవ్వ చెప్పిన ముచ్చట. గూడెం అప్పుడు ఇక్కడ లేకుండె, కడెం వాగు అవతల ఉండె. ఇంటింటికి జ్వరాలు తగిలి మనుషులు పోతుంటే, బతికినోళ్లు దేవున్ని ఎత్తుకోని గుట్టెక్కిండ్రట. మోసేటోళ్లకు గూడ జ్వరమే. వాగు దాటేటప్పుడు ఎవలు ఎవలను పట్టుకున్నరో ఎవలకు తెల్వది. ఇటొచ్చి చూసుకుంటే కొందరు పిల్లలు లేరు.

"మళ్ల పోయి చూసిండ్రు" అన్నది భీంబాయి. "నడవగలిగినోళ్లు మళ్ల వాగు కాడికి పోయిండ్రు. అటిటు తిరిగిండ్రట. దొరకలే."

లీలాబాయి చెయ్యి చాప మీద ఆగిపోయింది. "మళ్ల పోయిండ్రా?"

"పోరా మరి. పిల్లలు గద."

నాయినమ్మ ఏడుస్తదనుకున్నది మనోరమ. ఏడవలే. గడ్డ ఒకటి తీసుకోని పొట్టు ఒలిచి తినబట్టింది, ఆకలైనట్టు తిన్నది, ఇంకోటి తీసుకున్నది. మనోరమ నోట్లె ఒక మాట తిరుగుతున్నది, సారు మాట, తన చదువు మాట, దాన్ని మింగుడు ఆమెకు చాతకాలే.

"అవ్వా," అన్నది భీంబాయి తోటి, "ఆ పిల్లల్ల మా నాయినమ్మ ఉన్నదని నేను ఖాయంగ చెప్పలేను. మీ ఇద్దరి తల్లులు ఎప్పుడో ఒక్కటేనని మటుకు చెప్తున్న."

"మంచిది బిడ్డా. నీకు తెలిసింది నువ్వు చెప్పినవ్, ముందుటి ముచ్చట మేం చెప్పుకుంటం." భీంబాయి ఇంకో బీడీ ముట్టించింది. "గని మా నెత్తురంత చూసినవ్ గద. మేం ఎక్కడ్నించి వచ్చినం మరి?"

మనోరమ చెప్పింది. సముద్రాల అవతలి దేశం, ఒడ్డు పట్టుకోని నడక, ఎన్ని వేల ఏండ్లో, ఎన్ని వందల తరాలో, మీరే కాదు అందరు అట్లనే, మా బాపు వాళ్లు గూడ, బొగ్గుబాయిల వాళ్లు గూడ. ఆడోళ్లు ఇన్నరు. ఒకామె నవ్వింది నమ్మక.

"అంత దూరం నడిచిండ్రా" అన్నది భీంబాయి. "పిల్లలనెత్తుకోనా?"

"పిల్లలనెత్తుకోనే."

ముసలమ్మ పొగ ఇడిచి, లీలాబాయి మోకాలు మీద చెయ్యేసింది. "అంత దూరం నడిస్తె ఒక పిల్ల జారిపోదా మరి."

పొద్దు గుట్ట అవతలికి దిగబట్టింది. జీపు డ్రైవరు హారన్ కొట్టిండు, ఆఖరి బస్సు పోతదని. మనోరమ లేచి చెప్పులేసుకోని నాయినమ్మకు చెయ్యిచ్చింది. లీలాబాయి ఆ చెయ్యి పట్టుకోలే. గోడకు ఒరిగి, కాళ్లు బార్లాపి, చెప్పులు పక్కకు జరిపింది.

"నువ్వు పో మనూ. నేను ఇయ్యాల ఈడ్నే ఉంట."

"నాయినమ్మా, మందులు ఇంట్లనే ఉన్నయి."

"ఒక్కరోజుకు ఏం కాదు."

మనోరమ వాదించలే. ఆమె మొఖం చూస్తే వాదించే పని లేదనిపించింది, ఇరవై ముప్పై ఏండ్లు తగ్గినట్టున్నది ఆ మొఖం. జీపు దాక పోయి, ఒక్క మాట అడగాలని మళ్ల వెనక్కి వచ్చింది.

"బాపు అడిగితె ఏం చెప్పాలె?"

"రమ్మను" అన్నది లీలాబాయి. "వాని నెత్తురు గూడ గిదేనంటివి గద. వచ్చి చూసిపొమ్మను."